తీన్మార్ అంటే మూడు దెబ్బలేనా?

నల్లగొండలో ఉంటూ "తీన్మార్" అనే మాట చెవిన పడకుండా ఒక్క వారం గడపడం కష్టం. పెళ్లి బరాత్ బయల్దేరిందో లేదో, పిల్లలంతా బ్యాండువాళ్ల చుట్టూ మూగి "అన్నా, తీన్మార్ కొట్టు" అని మొదలుపెడతారు. వినాయకుడి ట్రాక్టర్ ముందర అదే, బోనాల ఊరేగింపులో అదే. టీవీ పెడితే వి6లో తీన్మార్ వార్తలు. 2011లో వచ్చిన పవన్ కళ్యాణ్ సినిమా పేరు కూడా అదే. ఆ వార్తలతో పేరు తెచ్చుకున్న చింతపండు నవీన్ గారిని అందరూ తీన్మార్ మల్లన్న అనే అంటారు. 2024లో ఆయన మా వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల నియోజకవర్గం నుంచి ఎమ్మెల్సీ అయ్యారు. బీఏ పాసైన పుణ్యాన నాకూ ఆ ఓటు ఉంది. ఎవరికి వేశానో మాత్రం అడగకండి, మా ఆయనకే చెప్పలేదు.

ఇన్ని చోట్ల వాడుకుంటున్న మాటకు అర్థం ఏమిటి, అది ఎక్కణ్ణుంచి వచ్చింది అని మన ఇళ్లల్లో ఎవరైనా అడిగారా? మా ఇంట్లో అడిగారు. అడిగింది మా అమ్మాయి. అడిగించింది మాత్రం మా అత్తమ్మ.

అమ్మాయి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఎండాకాలం సెలవుల్లో వంటింట్లో నాకు సాయం చేస్తానని వచ్చి, ముందు స్పీకర్ పెట్టి, తర్వాత కత్తిపీట అందుకుంటుంది. ఆ రోజు పెట్టింది రేమా అనే నైజీరియా కుర్రాడు పాడిన 'కామ్ డౌన్'. 2022లో వచ్చిన పాట. రీల్స్ చూసేవాళ్లందరికీ ఆ పాట తెలిసే ఉంటుంది. అత్తమ్మ గుమ్మం దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఆమెకు డెబ్బై అయిదు దాటాయి, మోకాళ్ల నొప్పులు. అయినా కూర్చున్నచోటే భుజాలు కదుపుతూ, "ఏందే అది, మన బరాత్ల కొట్టే తీన్మార్ లెక్కనే ఉన్నది" అన్నది.

"నానమ్మా, ఇది ఆఫ్రోబీట్స్. ఆఫ్రికావాళ్ల పాట" అని మనవరాలు నవ్వింది.

"ఏ దేశపోళ్లదైతేంది, కాలు ఆగుతలేదు" అని అత్తమ్మ మళ్లీ గింజల్లో పడింది.

అప్పుడడిగింది మా పిల్ల. "అమ్మా, నువ్వు తెలుగు బీఏ కదా. తీన్మార్ అంటే ఏంటి?"

అదేమంత కష్టమైన ప్రశ్న కాదు. ఉర్దూలో తీన్ అంటే మూడు, మార్ అంటే కొట్టు. మూడు దెబ్బల వరస. అంతవరకు చెప్పాను. "అంతేనా? ఆ మూడు దెబ్బలు ముందు ఎవరు కొట్టారు?" అని అడిగింది. ఆ రెండో ప్రశ్న వెంట పోతే నేను మా నల్లగొండ నుంచి హైదరాబాదుకు, అక్కణ్ణుంచి సముద్రం దాటి ఆఫ్రికాకు, చివరికి నా పుట్టింటి ఊరు వనపర్తికి చేరాను.

ముందు మా అమ్మాయి చెప్పిన ఆఫ్రోబీట్స్ సంగతి, ఎందుకంటే అందులోనూ ఒక మాట కథ ఉంది. 1960ల చివర్లో నైజీరియాలో ఫెలా కుటి అనే ఆయన తమ యొరుబా లయలను, ఘనా దేశపు హైలైఫ్ పాటలను, అమెరికా జాజ్‌ను, ఫంక్‌ను కలిపి ఒక కొత్త సంగీతం కట్టి, దానికి "ఆఫ్రోబీట్" అని పేరు పెట్టాడు. ఒక్కో పాట పావుగంట, అరగంట సాగేది. నిండా అక్కడి సైనిక ప్రభుత్వం మీద తిట్లే. అందుకు జైలుకూ వెళ్లాడు, దెబ్బలూ తిన్నాడు. ఇప్పుడు పిల్లలు వినే "ఆఫ్రోబీట్స్" వేరు. చివర ఒక్క "స్" చేరింది. నైజీరియా, ఘనాల నుంచి వచ్చే నేటి డాన్సు పాటలకు, ప్రేమ పాటలకు లండన్ డీజేలు, రేడియోవాళ్లు 2010 తర్వాత అలవాటు చేసిన పేరది. ఒక్క అక్షరంలో ఏముందిలే అనుకోవద్దు. మనకు పాటకు, పాట్లకు ఎంత తేడా ఉందో వాళ్లకు ఈ రెంటికీ అంత తేడా.

ఆ పేరంటే అక్కడి పాటగాళ్లందరికీ ఇష్టం లేదట. బర్నా బాయ్ అనే పెద్ద గాయకుడు తన పాటను ఆఫ్రో ఫ్యూజన్ అంటాడు. యాభైకి పైగా దేశాలున్న ఖండంలో ఎవరేం పాడినా ఒకటే పేరు తగిలిస్తే ఎలా అని వాళ్ల బాధ. అది మనకు చప్పున అర్థమవుతుంది. ఢిల్లీ వైపు వెళ్తే తెలుగువాళ్లమైనా, కన్నడంవాళ్లమైనా, మలయాళీలమైనా అందరినీ కలిపి "మద్రాసీ" అనేవాళ్లు కదా! పేరు పెట్టేది ఒకరు, మోసేది ఇంకొకరు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఇక మన తీన్మార్. అది హైదరాబాదు మర్ఫా వాళ్ల మాట. పాతబస్తీలో పెళ్లిళ్లు చూసినవాళ్లకు మర్ఫా తెలిసే ఉంటుంది. గిన్నె ఆకారంలో ఉండే డోలు, చేత్తో పట్టుకుని వాయించే డఫ్, కర్ర పుల్లలు, ఒక్కోసారి స్టీలు బిందె. నాదస్వరం లేదు, రాగం లేదు, అంతా లయే. పది మంది గుంపుగా నిలబడి మెల్లగా మొదలుపెట్టి ఊపు పెంచుకుంటూ పోతారు. ముందర మగవాళ్లు కర్రలు తిప్పుతూ ఆడతారు. ముస్లిముల నిఖాలకే కాదు, హిందువుల పెళ్లిళ్లకు, వినాయకుడి ఊరేగింపులకు, లీడర్ల ర్యాలీలకు కూడా మర్ఫా పిలిపిస్తారు.

దీన్ని మన నేలకు తెచ్చినవాళ్లు రెండు రకాల మనుషులు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బులు ఒకరు. వాళ్లను చావూష్‌లంటారు. వాళ్లున్న బస్తీ బార్కస్. అంటే ఇంగ్లీషు బ్యారక్స్ మన నోట నలిగి అలా అయ్యింది. రెండోవాళ్లు సిద్దీలు, ఆఫ్రికా తూర్పు తీరం వైపు నుంచి తరతరాల కిందట వచ్చినవాళ్లు. కొందరు బానిసలుగా ఓడల్లో ఎక్కించబడి వచ్చారు, కొందరు సైనికులుగా వచ్చారు. నిజాం వాళ్లతో ఒక గుర్రపు దళం పెట్టుకున్నాడు. దాని పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే ఏరియా ఉంది చూడండి, ఆ పేరు అదే. నేను పెళ్లైన కొత్తలో అక్కడ ఏసీలు బాగుచేసేవాళ్లు ఉంటారేమో అనుకునేదాన్ని. మా ఆయనా అట్లాగే అనుకునేవారట. మీలో ఎంతమంది అనుకున్నారో మీకే తెలుసు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. నిజాం సైన్యం పోయింది. దాంతోపాటు గుర్రాలు, యూనిఫారాలు, నెల జీతం పోయాయి. వచ్చిన దేశానికి వెనక్కి పోదామంటే అక్కడ వాళ్లకు ఎవరు మిగిలారు గనుక? సిద్దీ కుటుంబాలు ఏసీ గార్డ్స్‌లోనే ఉండిపోయాయి. ఉర్దూ మాట్లాడతారు, తెలుగు మాట్లాడతారు. తాతల భాష ఇళ్లల్లో నిలవలేదు, చేతుల్లో లయ మాత్రం నిలిచింది. కొన్ని కుటుంబాలకు అదే బతుకుతెరువు అయ్యింది.

సిద్దీల మర్ఫా లయ మెల్లగా హైదరాబాదు పెళ్లిళ్ల నుంచి బ్యాండువాళ్లకు, బ్యాండువాళ్ల నుంచి జిల్లాలకు పాకింది. మన ఊళ్లల్లో ఇప్పుడు తీన్మార్ కొట్టేది మర్ఫా మీద కాదు. డప్పు మీద, డ్రమ్ముల మీద, ప్యాడ్ మీద, లేదంటే డీజే పెట్టెలో. డప్పు మన సొంతం, దానికి దాని దరువులున్నాయి. తీన్మార్ అందులోకి చుట్టంలా వచ్చి ఇంటిమనిషి అయిపోయింది. అయితే రేమా పాటకు, మన తీన్మార్‌కు నేరుగా చుట్టరికం కలపను. నైజీరియా ఆఫ్రికాకు పడమట ఉంది, సిద్దీలు ఎక్కువగా తూర్పు నుంచి వచ్చారు. రెంటి మధ్య ఒక ఖండం అడ్డముంది. అత్తమ్మ భుజాలకు మాత్రం ఆ అడ్డం తెలియలేదు, అంతే.

ఆడవాళ్లం కాబట్టి తీన్మార్ గురించి ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. మా పెళ్లి 2001లో అయ్యింది. బరాత్‌లో నేను జీపులో తల దించుకుని కూర్చున్నాను. ముందర మగవాళ్లు మూతికి దస్తీ కట్టుకుని ఆడారు. ఆడవాళ్లంతా వెనకాల హారతి పళ్లాలు పట్టుకుని నడిచారు. ఆడాలని ఉన్న మా చిన్నాడబిడ్డ కాలు కదిపితే, "ఏందే, సిగ్గు లేదా" అని ఎవరో పెద్దావిడ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఇప్పుడు చూడండి. పెళ్లికూతురే కళ్లద్దాలు పెట్టుకుని తీన్మార్ వేస్తూ మండపంలోకి వస్తోంది. వెనకాల మేనత్తలు, పిన్నులు, వదినెలు. బతుకమ్మ చుట్టూ తిరిగే కాళ్లే కదా, నేర్పాల్సిన పని లేదు. చేతులు పైకెత్తి, భుజాలు ఆడించి, కాలు ముందుకేసి వెనక్కి తీస్తే చాలు. గురువు అక్కర్లేదు, వయసు అడ్డం కాదు, లావు అడ్డం కాదు. నడివీధిలో నలుగురి ముందర ఆడదానికి నవ్వుతూ ఆడే వీలిచ్చిన డాన్సు మన వైపు బతుకమ్మ తర్వాత ఇదేనేమో అనిపిస్తుంది నాకు.

ఇక్కడివరకైతే ఇది సరదా కబురే. కానీ ఆ మనుషులతో పాటు తీన్మార్ ఒక్కటే రాలేదు, ఇంకో మాట కూడా వచ్చింది. అది "హబ్షీ".

అరబ్బీలో అబిసీనియాను, అంటే ఇప్పటి ఇథియోపియా ప్రాంతాన్ని "హబష్" అంటారు. అక్కడి మనిషి హబ్షీ. "గుంటూరోడు", "పాలమూరోడు" అన్నట్టు ఊరును బట్టి వచ్చిన మాట, అంతే. ఒకప్పుడు దక్కనులో అది గౌరవమున్న మాట. మాలిక్ అంబర్ అనే హబ్షీ ఇథియోపియాలో పుట్టి, చిన్నప్పుడే బానిసగా అమ్ముడుపోయి, చేతులు మారి మారి అహ్మద్‌నగర్ చేరాడు. అక్కడ ప్రధాని అయ్యాడు. మొగలు సైన్యాన్ని ఏళ్ల తరబడి ముప్పుతిప్పలు పెట్టాడు. తర్వాత ఔరంగాబాద్ అయిన ఊరిని ఖడ్కీ పేరుతో కట్టించింది ఆయనే. 1626లో చనిపోయాడు. హైదరాబాదులో సిద్ది అంబర్ బజార్ ఉంది, హబ్సిగూడ ఉంది. హబ్సిగూడకు ఆ పేరు హబ్షీల వల్లే వచ్చిందంటారు. మనం రోజూ ఆటో అతనికి చెప్పే పేర్లలో వాళ్లున్నారు.

మన ఇళ్లల్లో ఆ మాట ఏమైంది? మా అత్తమ్మ పుట్టిల్లు దేవరకొండ వైపు. చిన్నప్పుడు అన్నం తినకపోతే వాళ్ల నానమ్మ "హబ్షీ వస్తడు, పట్టుకపోతడు" అని భయపెట్టేదట. ఆ మాట అత్తమ్మ తన పిల్లలకూ అన్నది, మనవలకూ అన్నది. హబ్షీ అంటే ఎవరో ఆమెకు తెలియదు, చీకట్లో ఉండే ఏదో ఒకటి. ఇది ఒక వాడుక. రెండో వాడుక పోయినేడు మా పుట్టింట్లో విన్నాను.

మా పెద్దన్న కూతురు ఫార్మసీ చదివి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. తెలివైన పిల్ల, నవ్వు ముఖం, రంగు నలుపు. చామనచాయ అని మెత్తగా చెప్పను, నలుపే. మా నాయిన రంగు. ఒక సంబంధం రెండోసారి చూసుకోవడానికి వచ్చారు. అబ్బాయి బాగున్నాడు, మాటా బాగుంది. మేమంతా మిర్చీలు, స్వీట్లు, చాయ్ అందిస్తూ హడావిడిగా ఉన్నాం. అబ్బాయి మేనత్త పక్కనావిడ చెవిలో అన్నాననుకుంది గానీ గది అంతా వినిపించింది. "ఫొటోల గింత లేదు. హబ్షీ లెక్కున్నది పిల్ల."

ఎవరూ ఏమీ అనలేదు. వాళ్లలో ఒకరు దగ్గారు. మా వదినె ప్లేట్లు తీయడం మొదలుపెట్టింది. మేనకోడలు తల వంచుకోలేదు, ఆ మేనత్త వైపే చూస్తూ కూర్చుంది. మరునాడు మధ్యవర్తి ఫోన్ చేశాడు. అబ్బాయికి ఇష్టమేనట. పెద్దవాళ్లు మాత్రం, అనుకున్నదానికి ఇంకో అయిదు తులాలు కలిపితే మాట ఖాయం చేసుకుందామంటున్నారట. దేనికి అయిదు తులాలు అని మా వదినె అడిగితే, "మీకు తెల్వదా అమ్మా" అన్నాడట.

నాకు బాధ కలిగించింది వాళ్ల మాట కంటే మా అన్న ఒప్పుకోబోవడం. ఆయన చెడ్డవాడు కాదు. ఇరవై ఏడేళ్ల కూతురు, అంతకుముందు మూడు సంబంధాలు ఇట్లాగే పోయాయి. "అయిదు తులాలతోని పోతదంటే పోనీయ్, పిల్ల మంచిగుంటది" అన్నాడు. తండ్రి మనసు అంతే, లెక్క సరిపోతే చాలనుకుంటుంది.

మర్ఫా కథ వెతుకుతుంటే నాకు వనపర్తి సంగతి తగిలింది అప్పటికే. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాన్ని ఏలిన మొదటి రాజా రామేశ్వర రావు ఆఫ్రికా నుంచి వచ్చిన మనుషులతో ఒక దళం పెట్టుకున్నాడు. తనకు అంగరక్షకులుగా. ఆయన తర్వాత ఆ దళమే నిజాం దగ్గరికి చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయ్యింది. అంటే ఏసీ గార్డ్స్‌కు మొదలు హైదరాబాదులో కాదు, మా పాలమూరులో. చిన్నప్పటి నుంచి నేను ఆ ప్యాలెస్ ముందర నుంచి నడిచాను. ఇప్పుడది పాలిటెక్నిక్ కాలేజీ. మా పెద్దన్న చదివింది అందులోనే. మూడేళ్లు ఆ గోడల మధ్య తిరిగాడు. ఒక్క మాస్టారూ ఆ సంగతి చెప్పలేదట, ఈయనా అడగలేదట.

ఆ వారం నేను వనపర్తి వెళ్లి అరుగు మీద కూర్చుని అన్నకు ఇదంతా చెప్పాను. "రాజు తన పానానికి కావలి పెట్టుకున్నది హబ్షీలనే, అన్నా. నమ్మకం లేనోళ్లను ఎవరైనా తలకాడ నిలబెట్టుకుంటరా? ఆ మాటను పట్టుకొని మన పిల్లకు వెల కట్టిండ్రు వాళ్లు. నువ్వు తూకం వెయ్యబోతున్నవ్."

అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కథలు చెప్తే పెండ్లిళ్లు అయితయా చెల్లె?" అన్నాడు.

అవదు. ఆయన అన్నది నిజమే. నేను ఎన్ని సంగతులు చెప్పినా ఆ పిల్లకు సంబంధాలు తెచ్చేవాళ్లు ముందు ఫొటోలో రంగే చూస్తారు. కానీ అప్పుడే లోపల్నుంచి మేనకోడలు వచ్చి గడపలో నిలబడింది. "డాడీ, ఆ అయిదు తులాలు నాకే పెట్టు. నలుపు మీద బంగారం మంచిగ కనబడ్తది" అన్నది. మా అన్నకు నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. ఆ సంబంధం వద్దని సాయంత్రం మధ్యవర్తికి ఫోన్ చేసి చెప్పాడు. అయిదు తులాలు మాత్రం ఇంకా పెట్టలేదు. మొన్ననే పిల్ల గుర్తు చేసింది.

అప్పట్నుంచి నాకు ఒకటి కొట్టుకుంటోంది. ఒకే మనుషుల నుంచి మనం రెండు మాటలు తీసుకున్నాం. తీన్మార్ అనే మాటను సంతోషానికి పెట్టుకున్నాం, హబ్షీ అనే మాటను తిట్టుకు పెట్టుకున్నాం. మా పిల్లను ఆ మాట అన్న మేనత్త రేపు తన మేనల్లుడి బరాత్‌లో ముందుండి తీన్మార్ ఆడుతుంది. ఆడాలి కూడా, ఎవరు కాదంటారు? ఆ లయ ఎవరి చేతుల్లోంచి వచ్చిందో ఆమెకు తెలియదు. చెప్పినవాళ్లు లేరు.

మన డప్పుకైనా జరిగింది ఇదే కదా. డప్పు లేకుండా పెళ్లి కదలదు, శవం లేవదు, బోనం ఎక్కదు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద డప్పు మోగితేనే జనం కదిలారు. అయినా కొట్టిన మనిషిని అరుగు కింద నిలబెట్టి చాయ్ వేరే గ్లాసులో పోసిన ఇళ్లు మన ఊళ్లల్లో ఎన్నో. దెబ్బ కావాలి, చెయ్యి వద్దు. సిద్దీల విషయంలో మనం కొత్తగా నేర్చుకున్న బుద్ధి కాదది, ఇంట్లో ఉన్నదే.

తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి మాటల మీదే నా ధ్యాస. మాటలు వాటంతట అవి చెడిపోవు. ఊరి పేరు తిట్టు కావాలంటే ఎన్నో నోళ్లు, ఎన్నో పెళ్లిచూపుల గదులు, ఎందరో దగ్గి ఊరుకున్నవాళ్లు కావాలి. మళ్లీ దాన్ని ఊరి పేరుగా చెయ్యాలన్నా నోళ్లే కావాలి. మా ఇంట్లో ఇప్పుడు పిల్లలకు తీన్మార్ అంటే మూడు దెబ్బలని మాత్రమే చెప్పడం లేదు. ఏసీ గార్డ్స్ అంటే ఏమిటో, వనపర్తి కోటలో ఎవరు కావలి ఉన్నారో కూడా చెప్పాల్సిందే. మా అబ్బాయికి పదో తరగతి సోషల్‌లో ఇది రాదు, మార్కులు పడవు. అయినా బిందె మీద దరువేస్తూ వింటాడు.

ఇక అత్తమ్మ. మా మరిది కొడుకుకు మూడేళ్లు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని అరగంట చప్పరిస్తాడు. మొన్న అత్తమ్మకు విసుగొచ్చి, "తింటవా, హబ్షీని..." అని సగంలో ఆగి నా వైపు చూసింది. నాలుగు రోజుల ముందే మనవరాలు ఆమెకు అంతా చెప్పింది, మాలిక్ అంబర్‌తో సహా.

"మరి ఇప్పుడు ఏం చెప్పి తినిపియ్యాలె వీనికి?" అన్నది నాతో.

"బూచోడు లేడా అత్తమ్మా" అన్నాను.

నేను ఊరుకుంటే బాగుండేది. మా అమ్మాయి పక్కనే ఉంది. బూచాడు అనే మాట బుస్సీ నుంచి వచ్చిందని కొందరు చెబుతారని, 1757లో బొబ్బిలి మీదికి ఫ్రెంచి సైన్యాన్ని తీసుకొచ్చినాయన అతనేనని నేను చెప్పిన పాఠం నాకే అప్పజెప్పింది.

అత్తమ్మ ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించింది. "అంటే వాడు గూడ ఎవరో ఒకరి కొడుకేనా?" అన్నది. ఇక ఎవరి పేరూ పెట్టలేదు. నోటితోనే తీన్మార్ కొట్టుకుంటూ వాడికి ముద్ద పెట్టింది. వాడు తల ఊపుతూ మింగాడు.